ఉత్తగ కూసునేటోళ్లకు పప్పుమిల్లు

హైదరాబాద్ జిల్లా తాండూరు కాపురస్తురాలు, కాలం చేసిన భీమప్ప భార్య రుక్కమ్మ అను నేను, మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేక రాయించిన వీలునామా. నాకు మతి చెడ్డదని మా మరిది అనంతయ్య బజారంత చెప్తుండు గనుక, డాక్టరు చీటీ గూడ దీనికి కుట్టించిన.

1. నా స్వార్జితమైన పప్పుమిల్లు, గోదాము, వాటి మీద వచ్చే ఆమ్దానీ నా తదనంతరం ఆలోచన సంఘానికి చెందవలెను. ప్రతి బేస్తవారం రైతులు, బండ గనుల కూలీలు, మిల్లుల చెరిగే ఆడోళ్లు నా వరండాల కూసొని, కంది మంచిగ పండిన ఏడే ధర ఎందుకు పడిపోతది, దానికి కొత్త తొవ్వ ఏందని ఆలోచిస్తరు. వికారాబాద్ వకీలు కరీముద్దీన్ సాబ్ బిడ్డ రజియా అర్థశాస్త్రం చదివింది. సంతలు తిరిగి, ఆ మాటల్ల నిజమెంతో తేలుస్తది. ఊరోళ్లు దీన్ని ఉత్తగ కూసునే సంఘం అంటరు.

2. మొదటి ప్రయోగం సంగతి అందరు నవ్వేదే. పంట రాంగనే అమ్మొద్దు, అందరిది ఒక్కతాన దాచి ధర లేసినంక అమ్ముదమని రజియా చెప్పింది. నా గోదాము నింపినం. ధర లేసింది. తలుపు తీస్తే కందులు గూడ లేసినయ్, పురుగులకు రెక్కలొచ్చి. ధారూర్ రైతు మొగులప్ప పుచ్చిన గింజ చేతిల పట్టుకొని, "అమ్మా, ధరుంది, కందే లేదు" అన్నడు. నష్టం నా నగలమ్మి కట్టిన. అనంతయ్య మిఠాయి పంచిండు. నాకు గూడ పంపిండు. తిన్న, బాగనే ఉండె.

రజియా ఇగ సంఘమే వద్దని ఏడ్చింది. నేనన్న: "బిడ్డా, ఆలోచన తప్పు గాదు, ఎండ తక్కువైంది." మరుసటేడు బాగ ఎండబెట్టి, వేపాకు కలిపి పెట్టినం. మిరుగు కార్తె ముంగట మంచి ధరకు అమ్మితే, మొగులప్ప ఎద్దును అమ్ముకోకుండనే విత్తనం ఏసిండు.

3. ఆమ్దానీలోంచి రజియా జీతం, రైలు కిరాయి, అందరి చాయ్ ఖర్చు ఇయ్యవలెను. ఫలితమేదని సంఘాన్ని ఎవరూ నిలదీయరాదు. ఏం తప్పిందని అడగవచ్చును.

4. అనంతయ్య మిల్లును టాకీసు చేయాలంటడు. ఇయ్యను. కాని నా భర్త పోయినప్పుడు నేను మంచం దిగకుంటే, మిల్లు నడిపింది ఆయనే. ఒక్క పైస ముట్టలే. భీమప్ప చేతిగడియారం ఆయనకు. బేస్తవారం ఆయనొస్తే తొలి చాయ్ ఆయనకే పొయ్యాలె. కాదనేటోడు ఒకడుండాలె.

5. నా ఉన్ని శాలువా రజియాకు. పొద్దుగాల రైల్ల వణుకుతది, చెప్పదు.

6. దీన్ని అమలు చేయు బాధ్యత కరీముద్దీన్ సాబ్‌ది. నా సంవత్సరీకం నాడు సంఘపోళ్లు, నేను నమ్మినదాంట్ల ఏది తప్పని తేలిందో నిలబడి చెప్పవలెను. చెప్పినంకనే విస్తర్లు ఎయ్యాలె. ఏమీ దొరకలేదంటే పస్తు పంపవలెను.

చదివించుకొని, విని, ఒప్పుకొని చేసిన సంతకం.

తాండూరు, 14 మార్చి 1963, బేస్తవారం
రుక్కమ్మ

సాక్షులు:
మజహర్, రైల్వే బుకింగ్ క్లర్కు
మైసమ్మ, మిల్లు కూలి (వేలిముద్ర)