ఖాళీగా వదలాల్సిన గడి

అమ్మకు,

నీ పెద్దది నమస్కరించి రాస్తున్నది. అందరం కులాసాగా ఉన్నామని మొదలుపెట్టడం మనకు అలవాటు. ఈసారి చెయ్యి రావడం లేదు. బతికే ఉన్నాం, అంతవరకు నిజం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా దగ్గు తగ్గింది. చెల్లికి బెయిలు వచ్చినప్పటి నుంచి అదీ, దాని పిల్లలూ నా దగ్గరే ఉంటున్నారు. పిల్లలు బడికి పోతున్నారు. నీ చిన్నల్లుడి సంగతి కూడా అడిగావు. ఓడ మీద పనికి పోయిన ఆ మహానుభావుడు ఫోనులో, "నాకేం తెలియదు, నన్ను ఇందులోకి లాగొద్దు" అన్నాడు. పాపం, కడుపు దానికదే వచ్చింది కాబోలు!

కడుపు పోవడానికి అది మింగిన ఆ మాత్రలు విషమా అన్నావు. కాదమ్మా. సరైన వారాల్లో, సరైన మోతాదులో, తెలిసినవాళ్ళు చెప్పినట్టు వేసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదని మా డాక్టరమ్మ అంది. చెల్లికి చెప్పే దిక్కెవరు? కుట్టుమిషన్ల దగ్గర దాని పక్కన కూర్చునే ఆవిడ ఎక్కడి నుంచో తెచ్చిచ్చింది. పెట్టె లేదు, ఎలా వాడాలో రాసిన కాగితం లేదు. ఎనిమిది వారాలనుకుంది, పదమూడు దాటాయి. రక్తం ఆగకపోయినా రెండు రోజులు పాత చీరలు చింపుకుంటూ ఇంట్లోనే కూర్చుంది.

నేను వెళ్ళేసరికి దాని పెదవులు పాలిపోయి ఉన్నాయి. "ఆస్పత్రి వద్దక్కా, పోలీసులొస్తారు" అంది.

"నేనున్నది ఆస్పత్రిలోనే కదే పిచ్చిదానా! నన్ను దాటి ఎవరొస్తారు?" అన్నాను. ఆ మాట నమ్మి లేచింది.

రక్తం ఎక్కించారు, లోపల మిగిలినది శుభ్రం చేశారు. ప్రాణం దక్కింది. నాలుగో రోజు మంచం దగ్గరికి పోలీసులు వచ్చారు. సొంతంగా కడుపు పోగొట్టుకున్న నేరం రుజువైతే జైలు తప్పదంటున్నాడు వకీలు. మాత్రలు తెచ్చిచ్చిన ఆవిడ పత్తా లేదు. ఓడ మీదున్నవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. ఈ చట్టానికి మింగిన నోరొక్కటే కనిపిస్తుంది.

పోలీసులకు చేరవేసింది నర్సేనని, దాని చేతులు పడిపోనూ అని రాశావు. చెల్లీ అలాగే అనుకుని ఆవిడ ఎదురైతే మొహం తిప్పుకుంటోంది. ఆవిణ్ణి తిట్టకమ్మా. ఆ పని చేసింది నేను.

పదిహేడేళ్ళుగా ఆస్పత్రిలో చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చున్నదాన్ని. ఒక్క గడి నింపకపోయినా కాగితం వెనక్కి కొడతాను. నా వెనకాల అందరూ 'గళ్ళ మేడం' అంటారు. చెల్లిని లోపలికి తీసుకుపోగానే దాని కాగితం నేనే నింపాను. అప్పుడు కూడా పద్ధతి తప్పలేదు. 'రాకముందు వాడిన మందులు' అన్నచోట మాత్రల సంగతంతా గుండ్రటి అక్షరాలతో రాశాను. నన్నెవరూ అడగలేదు. చెల్లి అప్పటికే డాక్టరమ్మకు అన్నీ నోటితో చెప్పింది. "నాకు చెబితే సరిపోయేది కదమ్మా, కాగితం మీద ఎందుకు పెట్టావు?" అని ఆవిడ తర్వాత తల పట్టుకుంది.

ఆ కాగితాల రెండో నకలు ప్రతి సోమవారం పోలీసు ఔట్‌పోస్టుకు పోతుంది. కట్ట కట్టి పంపేది నేనే. కొట్లాటలు, యాక్సిడెంట్లు తప్ప వాళ్ళేం చదువుతారులే అనుకునేదాన్ని. ఆ సోమవారమూ కట్ట కట్టాను, సంతకం పెట్టి పంపాను.

వచ్చే బుధవారం కోర్టులో ఆ కాగితం చూపించి, రాసిందెవరని అడుగుతారు. చెల్లి అక్కడ వినకూడదు, నా నోటితోనే వినాలి. రోజూ అన్నం ముందు కూర్చుని, "నువ్వు లేకపోతే చచ్చిపోయేదాన్నక్కా" అంటుంది. ఆ మాట వినగానే కూర తెస్తానని లేచి వంటింట్లోకి పోతున్నాను.

వెళ్ళొద్దని అన్నయ్య ఎంత అన్నా సరే, ఆదివారానికల్లా రా అమ్మా. నేను చెప్పాక దాన్ని పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. నన్ను దగ్గరికి రానివ్వదు.

ఇట్లు,
కూతురినని రాసుకోవడానికి సిగ్గుపడుతున్న
నీ పెద్దది