తువ్వాలు కింద చెప్పని ధర

ఏమండీ,

మీరు పోయాక వచ్చిన మొదటి మామిడి కాపును ఈరోజు మార్కెట్‌కి నేనే తీసుకెళ్లాను. షావుకారు మీ చేతి మీద తువ్వాలు కప్పి, కింద వేళ్లు నొక్కి రహస్యంగా ధర చెప్పేవాడు కదా. నేను చెయ్యి చాపితే వెనక్కి జరిగాడు.

"అయ్యో, మీ చెయ్యి పట్టుకుంటానా అక్కగారూ! నోటితోనే చెబుతా" అంటూ, టన్ను ఇరవై వేలని పక్క కొట్లవాళ్లందరికీ వినబడేలా అన్నాడు.

ఆ తర్వాత ఏ కొట్టుకెళ్లినా అదే ఇరవై వేలు. ఒక్కరూ పైసా పెంచలేదు. కాయ మెత్తబడుతుందని అతనికే ఇచ్చేశాను. మంచినీళ్లిచ్చి, దగ్గరుండి ఆటో ఎక్కించాడు.

అది మర్యాదో, మోసమో నాకింకా తేలడం లేదు.

మీ తువ్వాలు ఉతికి మడతపెట్టాను. వచ్చే కాపుకి నేనే కప్పుతాను. ఏ వేలికి ఎంతో మాత్రం మీరు చెప్పలేదు, నేనూ అడగలేదు.