నాలుగు వేళ్ల ఎత్తు

చక్ సర్దారా, జలంధర్ జిల్లా
మార్చి 9, శనివారం

నాకంటే నాలుగు నెలలు పెద్దవాడూ, ఆ నాలుగు నెలల పెద్దరికాన్ని ఏనాడూ వదలనివాడూ అయిన మా అన్న బల్కార్ సింగ్‌కి, తమ్ముడు నఛత్తర్ సత్ శ్రీ అకాల్ చెప్పి రాస్తున్నాను. గురువు దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, నసీబ్ వదినా, నిన్ను కన్న పెద్దమ్మా, గుర్‌షేరూ, కొత్త కోడలూ క్షేమమని తలుస్తాను.

మన రెండిళ్ల మధ్య ఉన్నవి రెండు బంగాళదుంప చేలు. అంత దూరానికి ఉత్తరమేమిటని నవ్వకు. నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. గేటు దగ్గరికొస్తే వదిన "పడుకున్నారు మరిదీ" అంటుంది. పట్టపగలు పదకొండింటికి పడుకునే రైతును నేనింతవరకు చూడలేదు. ఇరవై రోజులుగా గడప దాటనివాడివి, నిన్న మాత్రం నా నడుము నొప్పికని అవిసె గింజల పిన్నీ ఉండలు డబ్బా నిండా చేయించి పంపావు. నీ మరదలు జస్మేల్ మూత తీసి చూసి, "మీ అన్నగారు మొహం చాటేసి కూడా మీ నడుము సంగతే చూస్తున్నారండీ" అంది. అప్పటినుంచి నాకు నిలకడ లేదు. డబ్బా తిరిగిచ్చే మిషతో ఈ కాగితం తనే తెస్తుంది.

నీమీద నాకు ఏడుపు ఈనాటిది కాదు. నీకూ తెలుసు, నువ్వెప్పుడూ పట్టించుకోలేదు, అదింకా మంట. ఒకే కాలువ నీళ్లు, ఒకే విత్తనం. నీ దుంప పిడికిలంత, నాది నిమ్మకాయంత. ఇరవై రెండేళ్ల కిందట గురుద్వారాలో పాగాలు మార్చుకుని అన్నదమ్ములమయ్యామా, నేనిచ్చిన గుడ్డ నీ నెత్తిన మడత మడతా విడిగా కనబడేట్టు నిలబడింది. నువ్విచ్చిన నీలం గుడ్డ నా నెత్తిన మూటలా కూర్చుంది. ఊళ్లో ఏ పెళ్లికొడుక్కి పాగా కట్టాలన్నా నీ ఇంటికే పరుగు. సరే, దుంప నీది, పాగా నీది. బండి మాత్రం నాది. పదకొండేళ్లుగా మన ఊరి పెళ్లికొడుకులందరూ నా తెల్ల బండిలోనే వెళ్లారు, పెళ్లాలను అందులోనే తెచ్చుకున్నారు. నాకున్న గొప్ప అదొక్కటే అన్నా.

దుంప నాట్లు అయిపోయిన వారం నువ్వొచ్చి మా నులకమంచం మీద కూర్చుని, "ఒరే నఛత్తరూ, గుర్‌షేర్ పెళ్లికి పెద్ద బండి కొంటున్నా. జర్మనీదా, ఇంగ్లండుదా తేలడం లేదు. రెండూ డీజిలే, రెండూ ఏడుగురు పట్టేవే. నాకు ట్రాక్టరు తప్ప ఏం తెలుసు? నువ్వే తేల్చాలి" అన్నావు. "పెళ్లికి నా బండి ఉందిగా" అన్నాను. "అది ముసలిదైందిరా, ఇక పెన్షనిచ్చి కూర్చోబెట్టు" అని నా వీపు చరిచావు. నువ్వు నవ్వావు, నేనూ నవ్వాను. ఆ మాట నాకింకా అరగలేదు.

పెద్ద పాగాతో వెళ్తే పెళ్లివారని పసిగట్టి షోరూమువాళ్లు రూపాయి తగ్గించరని, పొలంలో తలకు పలచగా చుట్టుకునే పర్నా గుడ్డతోనే రమ్మని నేనే చెప్పాను. అది నీ మంచికే చెప్పాను. నేనేమో సలహాదారుణ్ని కదా, నీలం పాగా దిట్టంగా కట్టుకుని లుధియానా బయల్దేరాను.

ముందు ఇంగ్లండు బండి చూశాం. ఎక్కడానికే ఒక మెట్టు, లోపల మనిషికి కావలసినంత ఎత్తు. నువ్వు స్టీరింగు పట్టుకుని అక్కడి అమ్మాయిని, "వెనక విత్తనం బస్తాలు ఎన్ని పడతాయమ్మా?" అని అడిగావు. "సార్, ఇంతవరకు ఇందులో ఎవరూ దుంపలు వేయలేదు" అందా పిల్ల. "మరి ఇంత పెద్దది దేనికమ్మా?" అన్నావు. షోరూమంతా నవ్వింది. నీకు ఆ బండే నచ్చిందని నీ మొహం చూస్తేనే తెలిసింది. అదే బండి బొమ్మ మా బోరు గది గోడకు నాలుగేళ్లుగా అంటించి ఉంది. నువ్వు చూశావు కూడా, ఏదో క్యాలెండరనుకున్నావు. నేను కలగన్న బండిలోంచి నువ్వు దిగుతుంటే, ఆ తలుపు పక్కన నిలబడి నేను చూడాలా? "ఇది డీజిలు నీళ్లలా తాగుతుంది, కాలువ గట్టు మలుపులో తిరగదు, పెద్దమ్మ ఎక్కలేదు" అని ఊదరగొట్టాను. పెద్దమ్మ పేరెత్తగానే నువ్వు స్టీరింగు వదిలి దిగిపోయావు.

జర్మనీ బండికి పైకప్పంతా అద్దమే. ఇంజను ఉందో లేదో తెలియనంత మెత్తన. నువ్వు నడుపుతున్నావు, నేను పక్కన. "ఏమైందిరా, అలా జారగిలబడ్డావేం?" అన్నావు. నడుము పట్టేసిందన్నాను. "నాట్లప్పుడు వంగి వంగి పాడుచేసుకున్నావు, మీ వదినతో చెప్పి ఏమైనా చేయిస్తాలే" అన్నావు. "నా సంగతి సరే, ఇదే తీసుకో" అన్నాను. ఇంకో మాట అడగకుండా సంతకం పెట్టావు.

ఇక పెళ్లిరోజు. బండి ముందురోజు సాయంత్రమే చేతికొచ్చింది. నువ్వు ఏడు గజాల గులాబీ పాగా కట్టావు. అంత అందంగా నువ్వు కూడా ఎప్పుడూ కట్టలేదు. ఫగ్వారా దాకా గంటసేపు ఆ కప్పు కింద మెడ ఒక పక్కకు వంచి నడిపావు. వెనక నా బండిలోంచి చూస్తూనే ఉన్నాను. హాలు ముందు రెండు వైపుల పెద్దలూ మిల్నీ దండలు మార్చుకోవడానికి ఎదురెదురుగా నిలబడ్డారు. నువ్వు దిగావు. అప్పటికే నలిగి వదులైన పాగా తలుపు పై అంచుకు తగిలి ఊడిపోయి, దొర్లుకుంటూ వెళ్లి నీ వియ్యంకుడి కాళ్ల దగ్గర పడింది. మనవాళ్లలో పాగా తీసి ఒకరి కాళ్ల దగ్గర పెట్టేది అన్నిటికీ చెడినవాడు. కొడుకు పెళ్లిలో, నూరుమంది ఎదుట, నువ్వు రెండు చేతులతో జుట్టుముడి కప్పుకుని నిలబడిపోయావు. "ఇంత బండి కొన్నాడు, పాపం పాగాకు సీటు కొనలేదు!" అన్నాడు పెళ్లికూతురి మేనమామ. ఫోన్లు పైకి లేచాయి.

పాగాలు మార్చుకున్న తమ్ముణ్ని నేను. నా నెత్తిమీది నీలం పాగా తీసి నీకు పెట్టాల్సింది నేను. చెయ్యి లేచింది, చెవిదాకా వచ్చి ఆగింది. ఈలోగా ఆ మహానుభావుడు, నీ వియ్యంకుడు, వంగి నీ పాగా తీసి, తన శాలువాతో దుమ్ము దులిపి, తన చేతులతో నీ తలమీద పెట్టాడు.

ఇందులో ఎవరి తప్పూ లేదన్నా. అద్దం కప్పు ఉన్నచోట ఎత్తు తగ్గుతుంది, పర్నాతో కూర్చుని చూస్తే తెలిసేది కాదు. ఎవరికైనా జరిగేదే. బండికి గుడ్డ కప్పి కొట్టంలో పడేశావట, అమ్మేస్తానంటున్నావట. "తగని గొప్పకు పోయాను, వాహెగురు నెత్తిన మొట్టాడు" అని వదినతో అన్నావట. అలా అనుకోకు.

మొన్న మెహర్ సింగ్ వాళ్లు మనవడి పెళ్లికని నా తెల్ల బండి అడగడానికి వచ్చారు. నువ్వే పంపావట, "మన ఊరి పెళ్లికి నఛత్తర్ బండి ఉంటేనే కళ" అన్నావట. నాకు కావలసింది అదే కదా. సరేనన్నాను. వాళ్లు వెళ్లాక బోరు గదిలో గోడమీది బొమ్మ చింపేసి, అక్కడే కూర్చుని ఏడ్చాను. జస్మేల్ వచ్చి నడుము నొప్పి ఎక్కువైందా అని అడిగింది.

పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. రేపు పొద్దున్న వస్తాను. గేటు తీయమని వదినతో చెప్పు.

నీ పాగా తమ్ముడు,
నఛత్తర్ సింగ్

తా.క.: కాగితం మడిచాక మళ్లీ విప్పాను. ఎవరి తప్పూ లేదని పైన రాసింది అబద్ధం. జర్మనీ బండిలో నీ పక్కన కూర్చోగానే నా పాగా కప్పుకు తగిలింది. మూటలా ఉండే నా పాగాయే తగిలితే, నాకంటే నాలుగు వేళ్లు ఎత్తుగా కట్టే నీకు ఏమవుతుందో ఆ నిమిషమే తెలిసింది. గుర్‌షేర్ పెళ్లిరోజు నువ్వు ఆ బండి దిగడం కళ్లముందు కనబడింది. కనబడినందుకు సంతోషించాను. నువ్వు గమనించకూడదని సీట్లో కిందికి జారాను. ఆ తరువాత మూడు నెలలు నీతో కూర్చుని టీ తాగుతూ కూడా నోరు విప్పలేదు. ఇది చదివాక రేపు గేటు తీస్తావో లేదో నీ ఇష్టం. పిన్నీ ఉండలు ఈ డబ్బాలోనే పంపినవి పంపినట్టే ఉన్నాయి, ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేకపోయాను. నా నడుముకు ఏమీ కాలేదన్నా. ఆ రోజూ ఏమీ లేదు, ఈ రోజూ లేదు.