వాల్టర్‌గారి అమ్మ వెండి చెంచాలు

శనివారం రాత్రి, క్యారీలోని మా ఇల్లు

పెళ్లయిన కొత్తలో మా ఆయన రవి కొనుక్కున్న మెటల్ డిటెక్టర్ ఈరోజు గట్టిగా మోగింది. మేం వెళ్లింది త్వరలో కూలగొట్టబోతున్న ఒక పాత ఫార్మ్‌హౌస్‌కి. పెరట్లో నాణేలేమైనా దొరికితే ఉంచుకోమని ఓనర్ వాల్టర్‌గారే మమ్మల్ని రమ్మన్నారు. ఆయనకు ఎనభై దాటాయి.

పొగగొట్టం పక్కన తవ్వితే తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా బయటపడింది. లోపల గుడ్డలో చుట్టిన వెండి చెంచాలు. వాల్టర్‌గారు ఒకటి తీసుకుని, కాడ మీద చెక్కిన అక్షరాలు వేలితో తడిమారు.

"ఇవి మా అమ్మవి. తమ్ముడే దొంగిలించాడని నాన్న వాణ్ని ఇంట్లోంచి గెంటేశాడు. నేనూ అదే నమ్మాను. అమ్మే పాతిపెట్టి మర్చిపోయినట్టుంది."

"ఆయనకి ఫోన్ చేసి చెప్పండి," అన్నాడు రవి.

"వాడు పోయిన ఏడాది చనిపోయాడు. ఇప్పుడు ఎవరికి చెప్పను?"

రవి గుంట పూడ్చడం మొదలుపెట్టాడు. నేను వాటర్ బాటిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. కనీసం జాలి కూడా కలగలేదు.

ఇంటికొచ్చి చారు పెట్టాను. ఇద్దరం తిన్నాం. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. నాకేమైందో...

అక్కణ్నుంచి బయల్దేరుతూ మేం కార్ ఎక్కేటప్పటికి వాల్టర్‌గారు డబ్బా ఒళ్లో పెట్టుకుని, చెంచాలు ఒక్కొక్కటే చొక్కా అంచుతో తుడుస్తున్నారు.