గాలికి లేచిపోయినవి

తేది: 18-09-2025
జీలుగుగరువు గ్రామము
(టైడా స్టేషనులో దిగి కాలిబాటన నాలుగు కిలోమీటర్లు)

గౌరవనీయులైన డివిజను అధికారి వారి సముఖమునకు, వంతల మంగరాజు, వయస్సు 46, బడికి పోక ఇంటివద్దనే చదువు నేర్చుకొన్నవాడు, తన స్వహస్తముతో వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: నా చనిపోయిన భార్య గంగను పాతిన చోటును ఈ నెల 24వ తేదీన తవ్వించు ఉత్తర్వును నిలిపివేసి, రికార్డులో ఆమెను 'వలస' గానే ఉండనీయవలెనని కోరుట.

సూచిక: తమ మెమో, మరియు ఇందుకు సరిగ్గా వ్యతిరేకముగా కోరుచు నేను పెట్టుకొనిన నాలుగు అర్జీలు.

నాలుగుసార్లు అడిగినదానిని అయిదవసారి వద్దనుచున్నందుకు తమరికి విసుగు కలుగవచ్చును. కారణములు వరుసగా మనవి చేయుచున్నాను.

1. గత ఏప్రిల్ 29వ తేదీ మధ్యాహ్నము రెండున్నరకు గాలి మొదలై మా ఇంటి రేకులు కొట్టుకొనసాగినవి. మూడు గంటల పది నిమిషములకు, గూడ్సు బండి సొరంగము దాటి వచ్చునట్టి చప్పుడు వినవచ్చినది. ఆ వేళకు బండి లేదు. బండ్ల వేళలు ఆరేండ్లుగా గోడమీద వ్రాసుకొనుచున్నాను గనుక ఆ సంగతి నాకు తెలియును. తలయెత్తి చూడగా మబ్బు అడుగు నుండి ఏనుగు తొండము వంటిది దిగి, నేలను తాకి, జీలుగు చెట్లను వేళ్లతో పెరికి తిప్పుచు వచ్చుచుండెను. నాలుగు నిమిషములు ఉండెను. ఆ దినమున తుఫాను హెచ్చరిక ఏదియు లేదని, కొండలలో సుడిగాలి రాదని మండల కార్యాలయము వారు సెలవిచ్చిరి. రాదని దానికి తెలియదు.

2. గ్రామములో తక్కినవన్నియు గడ్డి ఇండ్లు. రేకులది మాది ఒక్కటే. వేసి మూడు నెలలు. గాలి వచ్చిన దారిలో ఉన్నదియు మాది ఒక్కటే.

3. రేకులు లేచుచుండగా నా భార్య గంగ, ఎవరును చెప్పకుండగనే, తనంత తానుగా పైకెక్కి వాటిని అదిమి కూర్చుండెను. కప్పు వాసములతో సహా లేచిపోయినది. ఆమె కూడ.

4. మరునాటి ఉదయము, దారి పొడవున పడియున్న మా సామాను ఆనవాలు పట్టుకొని పోగా, రెండు కిలోమీటర్ల దూరములో కాఫీ తోటలో, సిల్వరోకు చెట్ల క్రింద గంగ కనబడినది. మొదట చూచినది నేనే. వెంట తీసికొనిపోయిన దుప్పటి చుట్టితిని. చెట్లు కూలి దారి మూడు దినములు మూసుకొనిపోయినందున పంచనామా లేదు, పోస్టుమార్టము లేదు. ఆ సాయంత్రమే పాతిపెట్టితిమి. మా అత్త చిట్టెమ్మ నా కాళ్లు పట్టుకొని, "ఒక్కపాలి దుప్పటి ఇప్పు అల్లుడా, నా కూతురు గుంటకి తానం సేయించుకుంటాను" అని అడిగినది. ముఖము మాత్రము చూపితిని.

5. నష్టముల జాబితా వ్రాసి ఇమ్మని కబురు రాగా, 'గాలికి లేచిపోయినవి' అని శీర్షిక పెట్టి ఈ క్రింది విధముగా వ్రాసి ఇచ్చితిని:
(1) రేకులు – 11
(2) వాసములు – 6
(3) మిరియాలు ఆరబోసిన తార్పాలిన్ – 1
(4) కోళ్లు – 5
(5) చాటలు – 2
(6) గొడుగు – 1
(7) గోడ గడియారము – 1
(8) నైలాను తాడు – 9 మూరలు
(9) గంగ (భార్య) – 1

6. లేచిపోవుట అనుదానికి జనము వాడుకలో మరియొక అర్థము కలదని నాకు తెలియనిది కాదు. ఆ దినమున తోచలేదు. జూన్ నెలలో మండల కార్యాలయమునకు పోయినప్పుడు కంప్యూటరు ఆపరేటరు అజయ్ గారు జాబితా చదివి, "ఏటోయ్ మంగరాజు, రేకులు లేచిపోయేయి, సరే. పెళ్లాం లేచిపోతే పోలీసులకి సెప్పుకోవాల గానీ మాకేటి సంబంధం?" అనిరి. వరుసలో నిలబడినవారు నవ్విరి. చనిపోయినది బాబూ అని చెప్పితిని. "అలాగైతే గొడుగు కూడా సచ్చిపోయిందా? అన్నిటికీ ఒకటే మాట రాసేవు గదా. ఇందులో మృతి ఉంది, వలస ఉంది. లేచిపోవడం లేదు. వలసలో యేసేను" అనిరి. వెనుక నుండి ఎవరో "ఎవులితో పోనాదో కూడా రాయండి బాబూ" అనిరి. "ఆ కాలమ్ లేదు లెండి" అని అజయ్ గారు. అందరును మరల నవ్విరి. నేను కూడ నవ్వితిని. ఎందుకు నవ్వితినో ఇప్పటికిని తెలియదు.

7. ఇల్లు గంగ పేరున ఉన్నందున, మరమ్మతు మంజూరుకు ఆమె స్వయముగా వచ్చి వేలిముద్ర వేయవలెనని చెప్పిరి. పదకొండు రేకులలో తొమ్మిది దొరికినవి. వాటినే కప్పుకొని ఉంటిమి. వాన పడినప్పుడు మా అత్త వాటి చప్పుడు వినలేక బయటకు పోయి తడియుచు కూర్చుండును. గాలి వేసినప్పుడు నేను కూడ పోయి కూర్చుందును.

8. ఈ సంగతి సంతకు పాకినది. గంగ అన్న సోంబరు కొర్రలు అమ్ముకొనుచుండగా, కొనవచ్చినవాడు "మీ సెల్లి ఏ ఊరు ఎల్లిందిరా?" అని అడిగెనట. సోంబరు తూకపు రాయి వానిమీదికి విసిరి, సాయంత్రము మా ఇంటికి వచ్చి గుమ్మములో నిలబడి, లోపలికి రాకయే, "బావా, నీకు కాయితాలు రాయడం వొచ్చని మురిసిపోనాం. మా సెల్లికి లంజ పేరు రాసేవు" అని వెళ్లిపోయెను. అటుపిమ్మటనే నేను నాలుగు అర్జీలు పెట్టుకొంటిని.

9. వాటిని విచారించి, మృతి రుజువగుటకు వైద్యుని యెదుట, బంధువుల యెదుట తవ్వి చూడవలెనని తమరు ఉత్తర్వు చేసిరి. సోంబరు సంతోషముగా వేలిముద్ర వేసెను. "తవ్వనియ్యి బావా. మా గంగ ఎవులితోనూ పోనేదని అందరూ కళ్లతో సూస్తారు. నానే గునపం తెస్తాను" అనెను. ఆ గునపమును మూడు దినముల క్రిందటనే తెచ్చి మా అరుగుమీద పెట్టిపోయెను. అది అక్కడనే ఉన్నది.

10. కాని నా ప్రార్థన ఏమనగా, తవ్వవలదు. ఎందుకనగా:
(అ) మా అత్త వృద్ధురాలు, చూచి తాళజాలదు.
(ఆ) వానలకు నేల మెత్తబడియున్నది.
(ఇ) వలస పోయినవారు ఎప్పటికైన తిరిగి రావచ్చును. కావున ఆ మాటలో పెద్ద దోషము లేదు.
(ఈ) జనము కొంతకాలము నవ్వి మానుకొందురు.

కావున తమరు దయయుంచి 24వ తేదీ ఉత్తర్వును రద్దుపరచి, మా గంగను ఉన్నచోటనే ఉండనీయవలెనని కోరుచు, ఇందులోని ప్రతి అంశమును చిత్తగించవలెనని మనవి.

తమ విధేయుడు,
వంతల మంగరాజు

సవరణలు: సంతకము చేసిన పిమ్మట, అలవాటు చొప్పున, మొదటినుండి సరిచూచుకొంటిని. రెండు తప్పులు కనబడినవి.

3వ అంశములో 'ఎవరును చెప్పకుండగనే, తనంత తానుగా' అనునది కొట్టివేయవలెను. నేను చెప్పితిని. సంతలోని కాటామీద నేను 68 కిలోలు, గంగ 41. నేను ఎక్కినచో కొత్త రేకులు సొట్టపడునని ఆమెను ఎక్కించితిని. జారిపడకుండ నైలాను తాడు ఆమె నడుముకు కట్టి, రెండవ కొస వాసమునకు కట్టితిని. వాసము ఆగునని లెక్క వేసితిని. తొండము దిగుట చూచి గంగ క్రిందికి దూకబోయినది. తాడు దూకనీయలేదు.

5వ అంశములో 8, 9 వేరువేరుగా వ్రాసితిని. అవి రెండును ఒకచోటనే ఉన్నవి. సోంబరుకు తెలియదు. అత్తకు తెలియదు. దుప్పటి అందుకే.

కావున 10వ అంశము మొత్తము కొట్టివేయవలెను. తవ్వించండి. సోంబరునే తవ్వనీయండి, గునపము సిద్ధముగా ఉన్నది. ఒక్కటి మాత్రము దయచేయండి. తాడుకు కత్తి పెట్టనీయవద్దు. ముడి నన్నే విప్పనీయండి. కట్టునప్పుడు గంగ, "గట్టిగా ఉందయ్యా, ఊపిరాడతన్నేదు. గాలి తగ్గినాక బేగి ఇప్పెయ్యి" అనినది. అట్లే అంటిని.

గాలి తగ్గి నేటికి నూట నలుబది రెండు దినములైనది.