కట్టేసింది గేదెను

ఏమోయ్, పసిదానికి జ్వరం తగ్గిందని నీ కార్డు అందింది. ఇక్కడ నేనూ గేదె కూడా బాగానే ఉన్నాం, కంగారు పడకు.

ఎండకు ఒళ్లు హూనమైపోతోంది. బావిలో రోజుకు గంటసేపు పారే నీళ్లే ఊరుతున్నాయి. మొన్న మధ్యాహ్నం వంగమడికి మోటారు వేశాక దర్జీ, మంగలి వస్తే పాకలో కూలబడి కబుర్లలో పడ్డాం. మధ్యలో దర్జీ లేచి పెరట్లోకి వెళ్లొచ్చాడు. “కట్టేశావా?” అన్నాను. “ఆఁ, కట్టేశాలే” అన్నాడు. నేనడిగింది మోటారు గురించి. వాడు కట్టేసింది గేదెను. మా మాటల హోరులో మోటారు చప్పుడు ఎవడికి వినపడింది? సాయంత్రానికి వంగమడి చెరువైంది, బావి అడుగంటింది, దోసపాదులకు చుక్క మిగల్లేదు. ఊట ఇంకా తేరుకోలేదు, నిన్నటి నుంచి ముగ్గురం వీధి కుళాయి నుంచి బిందెలతో మోస్తున్నాం. నడుములు పడిపోయాయి గానీ వాళ్ల నోళ్లు మూతపడలేదు.

సగం పాదులు ఎండాయి, మళ్లీ పెట్టాలి. దోసగింజల డబ్బా ఎక్కడ దాచావు? నా కళ్లజోడు నీ సంచిలో వచ్చిందేమో చూడు.

అమ్మాయికీ పసిదానికీ నా దీవెనలు. పిల్ల పూర్తిగా కోలుకున్నాకే రా. నేను “కట్టేశా” అన్నప్పుడల్లా నువ్వు “దేన్ని?” అని తిరిగి అడుగుతావని ఇన్నేళ్లూ విసుక్కున్నాను. ఇక విసుక్కోను.