సరస్సులో పడిన చుక్క

చిరంజీవి నిమిషకు అమ్మమ్మ ఆశీస్సులు.

మన వార్డుకు నడిబొడ్డు సరస్సులో ఉందని రాశావు. లేదు. సరస్సులో ఉన్నది నీ కంప్యూటర్ పెట్టిన చుక్క. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఆ మాత్రం తేడా నాకు తెలుసు. మన కైతక్కరి వార్డు కొడవలిలా నీటిని చుట్టుకుని ఉంటుంది. కొడవలికి మధ్యబిందువు తీయమంటే అది ఇనుము మీద పడదు, వంపులోని ఖాళీలో పడుతుంది. యంత్రం అడిగిన దానికి సరిగ్గానే జవాబు చెప్పింది. అడగడమే నీకు చేతకాలేదు.

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేను, ఆవు, ఆవు కంటే ఎక్కువ తినే మీ మామయ్య. మోకాలు ఎలా ఉందని అడిగావు. ఉంది.

వార్డు మెంబరు కురియాకోస్ నీ మొదటి పటాన్ని గ్రంథాలయం గోడకు అంటించాడు. వరద షెల్టరు సరిగ్గా మధ్యలో కడితే ఈ చివరివాళ్ళూ ఆ చివరివాళ్ళూ కొట్టుకోరని అతని ఆశ. పడవ నడిపే దాసప్పన్ ఆ చుక్కను చూసి, "వరద వచ్చేదాకా ఆగలేకపోయిందా టీచరమ్మా మీ మనవరాలు? ఇప్పుడే ముంచేసింది" అన్నాడు.

"నీ పడవకు బేరాలు పెంచింది. దణ్ణం పెట్టుకో" అన్నాను.

అందరూ నవ్వారు, కురియాకోస్ తప్ప. "ఈ నెలలో చోటు చూపించకపోతే షెల్టరు పక్క వార్డుకు పోతుంది టీచర్. పోయిన వరదలో కుంజమ్మ అటక మీద బిడ్డను కనింది, మరిచిపోయారా?"

అందుకే, ఆకారం లోపలే పడే బిందువునిచ్చే ఫంక్షన్ ఏదైనా ఉందా అని నీకు రాశాను. ఉందని రెండో పటం పంపావు. దాని సంగతికి వస్తాను.

ఈ రెండో చుక్క చుట్టూ అర కిలోమీటరు వృత్తం గీస్తే అందులో పడిన ఇళ్ళన్నీ దగ్గరివే అనుకోవచ్చా అని అడిగావు. మామూలు రోజుల్లో అనుకోకు. అవుసేప్ ఇల్లు వృత్తంలోనే ఉంది, కానీ కాలువ చుట్టూ తిరిగి వచ్చేసరికి చెప్పులు అరుగుతాయి. వరదలో మాత్రం గట్లు, పొలాలు, కాలువ అన్నీ ఒకటే నీరు. పడవ తిన్నగా వచ్చేస్తుంది. షెల్టరుతో పనిపడేదీ అప్పుడే కనుక వృత్తాన్ని ఉండనీ.

ఇక, ఇంటికోసం నీకిస్తానన్న స్థలంలో కలుపు తీయించావా, కొలతలు ఎప్పుడు తీయిద్దాం అని అడిగావు. ఈ ప్రశ్నను ఇందాకటి నుంచి పక్కకు నెడుతూ వస్తున్నాను. నీ రెండో చుక్క పడింది ఆ స్థలంలోనే, తల్లీ. నీ పటంలో సర్వే హద్దులు లేవు కాబట్టి నీకు తెలిసే వీల్లేదు. కురియాకోస్ టేపు పట్టుకుని వచ్చి, అక్కడ నిలబడి, చాలాసేపు టేపునే చూసుకున్నాడు.

"ఇది పాపకు ఇస్తానన్న స్థలం కదా టీచర్?"

"అవును."

"పోనీ, కంప్యూటర్‌ని ఇంకోసారి అడిగితే?"

"నచ్చిన జవాబు వచ్చేదాకా అడగడం నా క్లాసులో ఎవరికీ చెల్లలేదు. నీకూ చెల్లలేదు. తీసుకో" అన్నాను.

నిన్ను అడగలేదన్న సంగతి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తట్టింది. ఇంకా సంతకం పెట్టలేదు. నువ్వు వద్దంటే మాట వెనక్కి తీసుకుంటాను. తిట్లు నేను పడతాను, అలవాటే. ఒప్పుకుంటే మాత్రం ఇంటికి ఇవ్వడానికి నా దగ్గర మరో చోటు లేదు. అది తెలుసుకునే జవాబు రాయి.

ఒప్పుకుంటే ఒక పని చేసిపెట్టు. ఒక ఆకారంలోంచి మరో ఆకారాన్ని తీసివేసే ఫంక్షన్ ఉందన్నావు కదా. ఆ స్థలం దక్షిణపు మూలలో, మీ తాతయ్యను దహనం చేసిన చోట మనం నాటిన కొబ్బరి చెట్టు ఉంది. దాని చుట్టూ మూడు మీటర్ల వృత్తం గీసి, స్థలంలోంచి తీసివేయి. పునాది తవ్వేవాళ్ళకు ఆ ఖాళీ స్పష్టంగా కనబడాలి. పటాన్ని మంచం దుప్పటంత అచ్చు తీయించి, తడవకుండా ప్లాస్టిక్ పూత వేయించి, బుధవారం ఆలప్పుళ బస్సులో పంపు. దాసప్పన్ వెళ్ళి తీసుకుంటాడు. చుట్ట చుట్టి పంపు, మడత పెట్టకు. మడత పెడితే అది సరిగ్గా ఆ చెట్టు మీదే పడుతుంది.

ఇట్లు,
నీ అమ్మమ్మ
భార్గవి